1897 ఆగస్టు 14, సోమవారం

చీమలు ఆ ఒక్క అతుకు మీదే ఎక్కాయి.

కార్డు మీద మొత్తం పదకొండు అతుకులున్నాయి. ముప్పై ఏళ్ళుగా ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి అంటించుకుంటూ వచ్చిన సన్నటి కాగితం ముక్కలు. పది ముక్కల జోలికి చీమలు పోలేదు. అన్నిటికన్నా పైన, కొత్తగా అంటించిన పదకొండో ముక్క అంచు వెంట మాత్రం నల్లటి గీత గీసినట్టు బారు కట్టాయి. భూతద్దం ఆ కార్డును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఊపిరి తగిలి చీమలు చెదరకుండా తల కాస్త పక్కకి తిప్పి చూసింది.

ఆమెకి భూతద్దం అన్న పేరు పెట్టింది ఆమె మరిదే. మరిది పోలీసు ఇన్‌స్పెక్టరు. తప్పిపోయిన మనుషుల్ని వెతకడం ఆమె పని. పోలీసులు ఇక లాభం లేదన్నాక ఇంటివాళ్ళు ఆమె దగ్గరికి వస్తారు. నాలుగుసార్లు ఆమె వెతికిపెట్టాక వెటకారంగా పెట్టిన పేరు అది. ఇప్పుడు అందరి నోటా అదే.

“టైమెంతయింది పిన్నీ?”

అడిగిన అమ్మాయికి ఎదురుగానే గోడ గడియారం ఉంది. అయినా పావుగంటలో మూడోసారి అడిగింది. ఒంటిగంటా పది అని భూతద్దం మూడోసారీ ఓపిగ్గానే చెప్పింది. ఆ అమ్మాయి ఒళ్ళో చిన్న నీలంరంగు సంచి ఉంది. సంచిలో ఐసు ముక్కల మధ్య ఆమె తల్లి ఇన్సులిన్. నిన్న పొద్దున ఎనిమిదింటికి వేసుకున్నదే ఆఖరు. ఇది చిన్నప్పటినుంచీ ఉన్న షుగరు కనక ఈ మందు లేకుండా ఒంట్లో విషం పేరుకుంటుందని, ఈ సాయంత్రం దాటితే మనిషి స్పృహలో ఉంటుందని తాను మాటివ్వలేనని డాక్టరు ఫోన్లో చెప్పాడు.

ఆ తల్లిని ఈ ప్రచురణ సంస్థ ఆఫీసులో అందరూ పెద్దమ్మ అంటారు. వాళ్ళున్న గది పేరు ఏళ్ళగది. ‘ఉప్పుగాలి’ అనే సాహస నవలల వరసకు గుండెకాయ అదే. ముప్పై ఒక్క నవలలు, వాటి బొమ్మల పుస్తకాలు, నాలుగు సినిమాలు. కథానాయకుడు ఒక ఓడ కెప్టెన్. అతను పుట్టిన 1872 నుంచి కథ ముగిసే 1904 దాకా ఏడాదికొక సొరుగు, సొరుగులో ఆ ఏడాది కార్డు. ఏ తేదీన ఏ రేవులో ఉన్నాడు, ఎవరితో తగాదా పడ్డాడు, ఏ చెయ్యి విరిగింది, అన్నీ అందులో ఉంటాయి. కార్డులో లేనిది జరగనట్టే లెక్క. మొదటి రచయిత పోయాక ఎంతమంది రాసినా ఈ గదికొచ్చి పెద్దమ్మని అడిగే రాశారు. ఆవిడ ఏదీ కొట్టెయ్యదు. మార్పు ఉంటే పాత మాట మీద కొత్త ముక్క అంటిస్తుంది, అంతే.

రెండు నెలలుగా ఆవిడకూ సినిమా కంపెనీకీ పడటం లేదు. 1897 ఆగస్టు 3, మంగళవారం నాడు కెప్టెన్ వాళ్ళన్న ఓడతోపాటు మునిగిపోయాడు. కొత్త సినిమాలో అతను బతకాలని వాళ్ళంటారు. అన్న పోకపోతే తమ్ముడు ఓడే ఎక్కడని, ముప్పై ఒక్క నవలలూ కూలిపోతాయని ఈవిడ అంటుంది. నిన్న పదకొండూ నలభైకి గేటు పుస్తకంలో ‘బయటికి’ అని రాసి, చేతిసంచి తగిలించుకుని వెళ్ళింది. మళ్ళీ రాలేదు. నాలుగింటికి చూస్తే 1897 కార్డు మీద కొత్త ముక్క ఉంది: ‘ఆగస్టు 14, సోమవారం. అన్న ప్రాణాలతో ఒడ్డు చేరాడు.’ పక్కనే ఒక ఉత్తరం. ‘ఇష్టపడే మార్చాను. కొన్నాళ్ళు ఒంటరిగా ఉంటాను. వెతకొద్దు.’ రెండూ ఆవిడ చేతిరాతే.

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

“చీమలు పట్టాయని కేసు రాసుకోమంటావా వదినా?”

“రాసుకో. ఎందుకు పట్టాయో కూడా రాసుకో.”

“రాత ఆవిడదేనని నిపుణుడు చెప్పాడు. పెద్దమనిషి. మాటకి తలొగ్గాల్సి వచ్చింది, మొహం చూపించలేక ఎక్కడో కూర్చుంది. నాలుగు రోజుల్లో ఆవిడే వస్తుంది. ఈలోగా నువ్వు ఈ పిల్లని భయపెట్టకు.”

భూతద్దం అమ్మాయివైపు తిరిగి, మీ అమ్మ జిగురు ఎలా చేస్తుందని అడిగింది. సోమవారం సోమవారం పొద్దున్నే మైదాపిండి ఉడకబెడుతుందని, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలుపుతుందని అమ్మాయి చెప్పింది. అది విషం కనక ఆ గిన్నెని వంటింటి గడప దాటనివ్వదు. ఇంట్లో ఎవరైనా పొరపాటున ముట్టుకుంటే మూడుసార్లు చేతులు కడిగిస్తుంది. జిగురు జాడీ ఎప్పుడూ ఆవిడ చేతిసంచిలోనే ఉంటుంది. పొద్దున్న తెస్తుంది, సాయంత్రం తీసుకెళ్తుంది.

భూతద్దం కార్డును మరిది ముందుకు జరిపింది. పాత అతుకుల అంచుల్లో ఎండిన జిగురు లేత నీలంగా ఉంది. కొత్తదాని అంచు తెల్లగా ఉంది.

“ఇందులో మైలుతుత్తం లేదు. అందుకే చీమలకి విందు. రాసింది ఆవిడే, అంటించింది ఆవిడ కాదు. సంచి ఆవిడతోపాటు పోయింది కనక అంటించినవాడికి జాడీ దొరకలేదు. బయటివాడైతే ట్యూబు గమ్ము వాడేవాడు. వీడికి ఈ గదిలో మైదా జిగురు తప్ప వాడరని తెలుసు. మేడ మీద బొమ్మల గదిలో పోస్టర్లు అంటించడానికి తుత్తం కలపని జిగురు డబ్బాడు ఉంటుంది. అందులోంచి తెచ్చాడు. లోపలివాడే.”

ఇన్‌స్పెక్టరు వంగి రెండు అంచులూ చూశాడు. నిన్న ఆవిడ జాడీ ఇంట్లో మర్చిపోయి ఉండొచ్చు కదా అన్నాడు. ఇన్సులిన్ సంచి కూడా మర్చిపోయే వెళ్ళింది కదా అని కూడా అన్నాడు.

అమ్మాయి మొదటిసారి తలెత్తింది. “అమ్మ నన్ను బస్సులో మర్చిపోయిందంటే నమ్ముతాను. దీన్ని మర్చిపోదు. భోజనానికి ముందు వేసుకోవాలి కాబట్టి ఇక్కడే తన బల్ల సొరుగులో పెట్టింది. అంటే భోజనం వేళకి వచ్చేద్దామనే వెళ్ళింది.”

భూతద్దం గది మూలకి తిరిగింది.

గదిలో ఉన్న నాలుగో మనిషి అప్పటిదాకా ఒక మూల స్టూలు మీద కూర్చుని కాగితం ముక్కలు కత్తిరిస్తున్నాడు. వయసు నలభై అయిదు దాటింది. పెద్దమ్మ దగ్గర ఇరవై ఏళ్ళుగా పని నేర్చుకుంటున్నవాడు. ఆవిడ తర్వాత అంతటివాడని ఆఫీసంతా చిన్నాన్న అంటారు. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు.

భూతద్దం కుర్చీ అతని ఎదురుగా వేసుకుని నిన్నటి సంగతి మొదటినుంచీ చెప్పమంది. అతను తడుముకోకుండా చెప్పాడు. పదకొండున్నరకు తాను సినిమా షెడ్డుకు బయల్దేరాడు. అక్కడ 1897లో మునిగే ఓడ సెట్టు వేశారు. దీపాలు, మేకులు, తాళాలు ఆ కాలానివేనా కాదా అని వారానికోసారి చూసి రావడం అతని పని. షూటింగు ఇంకా మొదలవలేదు, షెడ్డుకు తాళం ఉంటుంది, ఒక తాళంచెవి తన దగ్గరే. మూడింటికి తిరిగొచ్చాడు. నాలుగింటికి సొరుగు లాగితే కొత్త అతుకు కనిపించింది.

“సొరుగు ఎందుకు లాగారు?”

“బొమ్మలవాళ్ళు ఒక తేదీ అడిగారు.”

“అప్పటికి అతుకు ఎలా ఉంది?”

“తడిగానే ఉందండీ. అంచు లేస్తోంటే చూడలేక మీద బరువు పెట్టాను.” అతను కాస్త సిగ్గుపడ్డట్టు నవ్వాడు. “ఇరవై ఏళ్ళ అలవాటు.”

ఫ్యాను కింద మైదా జిగురు గంటలో ఆరిపోతుంది. అంటే మూడింటి తర్వాత అంటించినది. ఇన్‌స్పెక్టరుకు ఈ ముక్క బాగా నచ్చింది. చూశావా వదినా, ఆవిడ వెనక మెట్ల మీదుగా వచ్చి, పని చేసి, చడీచప్పుడు లేకుండా పోయింది అన్నాడు. మోకాళ్ళ నెప్పులతో మూడంతస్తులు ఎక్కి, తన జిగురు వదిలేసి ఇంకొకరిది అరువు తెచ్చుకుని, బల్ల సొరుగులో ఉన్న ఇన్సులిన్ ముట్టుకోకుండా పోయిందా అని భూతద్దం అడిగింది. మాట పెరిగేదే. ఇంతలో ఇన్‌స్పెక్టరు ఫోను మోగింది.

అవతల సినిమా కంపెనీ మానేజరు. ఇన్‌స్పెక్టరు విని, రెండుసార్లు సంతోషం అని చెప్పి పెట్టేశాడు.

“వాళ్ళకి పండగే. పెద్దమ్మ ఒప్పుకున్నట్టు ఉత్తరం దొరికింది కదా, ఓడ మునిగే సీను రేపు కాకుండా ఇవాళే తీస్తారట. ఒంటిగంటన్నరకి ఓడ అడుగు గదిలోకి నీళ్ళు వదులుతారు. మూడింటికల్లా నిండుతుంది.”

చిన్నాన్న చేతిలో కత్తెర కింద పడింది. వంగి తీసుకుంటూ, “రేపు కదా అన్నారు,” అన్నాడు. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే, సెట్టులో పాతకాలపు దీపాలు తడిస్తే పాడవుతాయని, తాను వెళ్ళి తీయించాలని చెప్పాడు. బండి తాళం కోసం ఒక జేబు తర్వాత ఒక జేబు తడుముకున్నాడు. తాళం బల్ల మీదే ఉంది.

అమ్మాయి లేచింది. సంచిలో ఐసు నీళ్ళయిపోయింది. “చిన్నాన్నా, దారిలో మందుల షాపు దగ్గర దింపుతారా? ఐసు మార్చుకుని ఆటోలో వచ్చేస్తాను.”

అతను వద్దనబోయి ఆగాడు. “ఆలస్యమవుతుందేమోనమ్మా.”

“రెండు నిమిషాల పని, దింపెయ్యండి,” అంది భూతద్దం, కార్డు మీదనుంచి తలెత్తకుండా. ఈ పిల్ల కాసేపు ఈ గడియారానికి దూరంగా ఉంటే మంచిదని ఆమె అనుకుంది. ఆ మాట అన్నందుకు ఇంకో అరగంటలో తనని తాను క్షమించుకోలేకపోతుందని ఆమెకప్పుడు తెలియదు.

మెట్ల మీద ఇద్దరి అడుగులూ దిగిపోయాయి. ఒంటిగంటా ఇరవై ఎనిమిది.

చీమల సంగతి తేలింది. ఇక మిగిలింది రాత. భూతద్దం ఆ ఒక్క వరసనీ పదేపదే చదివింది. ఒత్తిడిలో రాసిన రాతలా లేదు. అక్షరాలు నిదానంగా, గుండ్రంగా ఉన్నాయి. ఆగస్టు 14, సోమవారం. పై అంచు చీమలు తొలిచి కాస్త లేచి ఉంది. వేలిగోటితో ఇంకొంచెం ఎత్తితే కింద పాత ముక్క కనపడింది. ఆగస్టు 3, మంగళవారం.

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టింది. మూడు మంగళవారం. పది మంగళవారం. పధ్నాలుగు శనివారం.

మళ్ళీ లెక్కపెట్టింది. శనివారమే.

“వారం తప్పు రాసింది,” అంది.

“కంగారులో రాసుంటుంది.”

భూతద్దం పెద్దమ్మ కుర్చీ వెనక గోడ చూపించింది. అక్కడ పధ్నాలుగు పాత క్యాలెండర్లు వరసగా వేలాడుతున్నాయి. బొమ్మలు వెలిసిపోయినవి, అంచులు చిరిగినవి, ఏవేవో సంవత్సరాలవి. జనవరి ఒకటో తేదీ ఏడు వారాల్లో ఏ వారమైనా కావచ్చు, ఏడాది మామూలుదో లీపుదో కావచ్చు. అంతకుమించి రకాలు లేవు. అందుకే ఈ పధ్నాలుగూ ఉంటే ఎన్ని వందల ఏళ్ళకైనా సరిపోతాయి. ఏ క్యాలెండరు కథలోని ఏయే ఏళ్ళకు సరిపోతుందో దాని అట్ట మీద ఆవిడే ఎర్ర సిరాతో రాసిపెట్టింది. తేదీ రాసేముందు లేచి, క్యాలెండరు చూసి, కూర్చుని రాస్తుంది. ముప్పై ఏళ్ళలో ఒక్క వారం తప్పిందని పాఠకుల దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు. అందుకే ఆవిడ రాసిన వారాన్ని ఈ ఆఫీసులో ఎవరూ సరిచూడరు. పక్కన కూర్చుని నేర్చుకున్నవాడు కూడా చూడడు.

“ఇది తప్పు కాదు మరిదిగారూ. ఎవరూ చూడరని ధైర్యంగా రాసింది. చూసేవాళ్ళు ఒక్కరైనా వస్తారని ఆశపడి రాసింది.”

ఇన్‌స్పెక్టరు ఈసారి టోపీ తీసుకుని తలకి పెట్టుకోలేదు. లేచి క్యాలెండర్ల దగ్గరికి వచ్చాడు. ఇద్దరూ ఒక్కొక్కటీ తీసి ఆగస్టు కాగితం తిప్పారు. పధ్నాలుగో తేదీ సోమవారం పడింది రెండింటిలోనే. ఒకటి లీపు ఏడాదిది. దాని అట్ట మీద 1876 అని ఒక్కటే ఉంది. అప్పటికి కెప్టెన్ నాలుగేళ్ళవాడు. రెండోది జనవరి ఆదివారంతో మొదలయ్యే మామూలు ఏడాదిది. దాని అట్ట మీద ఎర్ర సిరాతో మూడు ఏళ్ళున్నాయి. 1882, 1893, 1899.

1876 సొరుగులో ఆగస్టు ఖాళీ. 1882లో కెప్టెన్ తండ్రితో కలిసి పడవలకు తారు పూస్తున్నాడు, అక్కడా తేదీ ఏదీ లేదు. 1893లో నెలంతా జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు అక్కడ ఆగి, ఆసుపత్రులన్నీ వెతికించనా అని అడిగాడు. గొంతులో వెటకారం లేదు. పధ్నాలుగు అన్న అంకె ఇందులో లేదని భూతద్దం తల అడ్డంగా ఊపింది. ఒంటిగంటా నలభై ఎనిమిదైంది. 1899 సొరుగు బిగుసుకుపోయి ఉంది. ఇద్దరూ కలిసి లాగితే వచ్చింది.

ఆ కార్డు మీద ఒక్క అతుకు కూడా లేదు. మొదటి రచయిత చెప్పినప్పుడు రాసింది రాసినట్టే ఉంది.

‘ఆగస్టు 14, సోమవారం. కెప్టెన్‌ను ఓడ అడుగు గదిలో పెట్టి తాళం వేశారు. లోపలికి నీళ్ళు వస్తున్నాయి.’

కింద ఇంకో వరస.

‘తాళం వేసింది పక్కనే ఉండి పని నేర్చుకున్న శిష్యుడు.’

భూతద్దం చూపు మూలనున్న ఖాళీ స్టూలు మీదికి పోయింది. స్టూలు కింద కాగితం ముక్కలు. తడి అతుకు అంచు లేస్తోంటే చూడలేక బరువు పెట్టాడట. తాను అంటించిందే కనక తడి సంగతి దాచాలని కూడా తోచలేదు, పని బాగా చేశానని చెప్పుకున్నాడు. పెద్దమ్మని గడప దాటించడానికి ఏం చేసి ఉంటాడో కూడా ఇప్పుడు తెలుస్తోంది. సెట్టులో దీపం 1897ది కాదు, ఒక్కసారి వచ్చి చూడండి అని కబురు పెడితే చాలు. ఆవిడ భోజనం వేళకి తిరిగి రావచ్చనుకుని పరుగెత్తి ఉంటుంది. అక్కడే ఆ ముక్కా ఉత్తరమూ రాయించుకుని, ఓడ అడుగు గదికి తాళం వేసి, మూడింటికి తెచ్చి అంటించి ఉంటాడు.

“వదినా.” ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గింది. “మానేజరు ఇందాక ఒక మాటన్నాడు, నేను పట్టించుకోలేదు. చిన్నాన్నకి అభినందనలు చెప్పమన్నాడు. ఈ సినిమా కథ ఆయనదేనట. తన పేరు వెయ్యొద్దన్నాడట.”

ఇరవై ఏళ్ళు ఇంకొకళ్ళ మాటలు కత్తిరించి అంటించినవాడు తన సొంత మాట ఒక్కటి ఆ కార్డు మీద చూసుకోవాలనుకున్నాడు. ఒక్క రోజు ఆవిడని అడ్డు తప్పిస్తే చాలనుకున్నాడు కాబోలు. నీళ్ళు ఇవాళే వదులుతారని అతనికీ తెలియదు. కత్తెర జారింది అందుకే. ఇప్పుడు బండి మీద వెళ్ళింది తలుపు తియ్యడానికా, తియ్యకుండా ఉండటానికా? ఆవిడ బతికి బయటికొస్తే అతని పేరు చెబుతుంది. రాకపోతే ఉత్తరం ఉంది, రాత ఉంది, నిపుణుడి మాట ఉంది.

ఇన్‌స్పెక్టరు అప్పటికే మెట్ల మీద ఉన్నాడు. జీపు తియ్యమని కింద ఎవరికో చెబుతూ, ఇంకో చేత్తో మానేజరుకు ఫోను చేస్తున్నాడు. మోగుతోంది గాని ఎవరూ తియ్యడం లేదు. నీళ్ళ మోటార్ల రొదలో వినపడదు. షెడ్డు జీపులో పది నిమిషాల దూరం. ఒంటిగంటా యాభై మూడు.

భూతద్దం దిగుతూనే అమ్మాయికి ఫోను చేసింది. నాలుగోసారి మోగాక తీసింది.

“ఎక్కడున్నావమ్మా? మందుల షాపులోనేనా?”

“లేదు పిన్నీ. షాపు దాటేసినా చిన్నాన్న బండి ఆపలేదు. పిలిస్తే పలకలేదు. షెడ్డు దగ్గరున్నాను.” అమ్మాయి గొంతు వెనక పెద్ద రొద ఉంది. “ఇక్కడ నీళ్ళు వదిలి అందరూ భోజనాలకి పోయారట, వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. నన్ను గేటు దగ్గర నిలబెట్టి, నీళ్ళు కట్టేసి వస్తానని ఆయన లోపలికి వెళ్ళాడు.”

“ఎంతసేపయింది?”

“పది నిమిషాలు పైనే. నేనూ వెళ్దామని తలుపు తోశాను పిన్నీ. లోపలినుంచి గడియ పెట్టుకున్నాడు.”

భూతద్దం జీపులోకి ఒక కాలు పెట్టి ఆగింది. ఫోనులో రొద వింటూ ఇన్‌స్పెక్టరుకు చెయ్యి అడ్డం పెట్టి మాట్లాడొద్దని సైగ చేసింది.

“తలుపుకి చెవి పెట్టి చెప్పమ్మా. నీళ్ళ చప్పుడు ఆగిందా?”

ఫోనులో రొద దగ్గరైంది.

“లేదు పిన్నీ. ఇందాక ఒక పంపే. ఇప్పుడు రెండు తిప్పినట్టున్నాడు.”